పెద్ద అంబర్‌పేట్ పొట్లాలు

దిల్‌సుఖ్‌నగర్,
జూన్ 22

సాధనా,

చేత్తోనే రాస్తున్నాను, షరతు తప్పలేదు. ఉట్నూరు బస్సు ఎక్కుతూ నువ్వన్న మాట గుర్తుంది. "ఫోన్ల నువ్వెప్పుడూ బాగనే ఉన్న అంటవ్. కాగితం మీద రాయి. నీ అక్షరం చూస్తే నీ వేళ్ళెట్లున్నయో నాకు తెలుస్తది." సరే, చూసుకో. పైన నీ పేరులో రెండో అక్షరం ‘ధ’. ముగ్గుపిండి ఒలికినట్టుంది గానీ ‘ధ’యే, నమ్ము.

నువ్వు లేని స్టాఫ్‌రూమ్ ఏం బాగాలేదు. ఇన్నేళ్ళు నువ్వు బోటనీ, నేను కెమిస్ట్రీ, ఎదురెదురు కుర్చీలు. ఇప్పుడు నీ కుర్చీలో ఒక ఫిజిక్స్ కుర్రాడు కూర్చుంటున్నాడు. నా వేళ్ళు చూసి "మేడమ్, ఇది కీళ్ళవాతమా?" అనడిగాడు. "రుమటాయిడ్ ఆర్థరైటిస్, బాబూ" అన్నాను గంభీరంగా. ఇంగ్లీషులో చెబితే జబ్బుకి కాస్త మర్యాద వస్తుందని నా ఆశ. పొద్దున్న లేచాక బ్రష్ మీద పేస్టు పిండటానికి మా ఆయన్ని లేపే మనిషికి అంతకంటే మర్యాద ఎక్కడుంది?

ఇక నా దినచర్య విను. పొద్దున్నే తిప్పతీగ కషాయం, కింది ఫ్లాటు కౌసల్యమ్మగారి సలహా. దానిమీద నానబెట్టిన మెంతులు, మా వదిన సలహా. కాలేజీ నుంచి వచ్చాక వావిలాకు వేసి కాచిన నీళ్ళతో కాపడం, అది లిఫ్టులో కలిసిన ఒకాయన సలహా. ఆయన పేరు కూడా నాకు తెలీదు. పడుకునేముందు పాలల్లో అశ్వగంధ, అది ఎవరి సలహానో మర్చిపోయాను. పేరు రాయని సీసాలోది ముట్టుకోవద్దని ల్యాబులో పిల్లల మీద అరిచేది ఈ నోరే. ఇంటికొచ్చి ఏది పోస్తే అది తాగేదీ ఈ నోరే.

డాక్టర్ ప్రసన్నకుమార్ గారు ఇచ్చిన వారానికోసారి మాత్ర వేసుకుంటున్నాను. "ఇంకేమైనా వాడుతున్నారా?" అని ఆయన ప్రతిసారీ అడుగుతారు. "అబ్బే, ఏమీ లేదండీ" అంటాను, హోంవర్కు చేయని పిల్లలా ఆయన టేబుల్ మీది పేపర్‌వెయిట్ వంక చూస్తూ.

ఆదివారం మెట్రో ఎక్కి ఎల్బీ నగర్ వెళ్ళాను, మీ అమ్మగారిని చూడటానికి. గేటు గడియ తీయలేక బయటే నిలబడితే ఆవిడే వచ్చి తీసింది. "నన్ను చూస్కోనీకి ఒచ్చినవా బిడ్డా, నన్నే నిన్ను చూస్కొమ్మని ఒచ్చినవా?" అంది. మోకాళ్ళ నొప్పులు అలాగే ఉన్నాయి. షుగరు అదుపులోనే ఉంది. నువ్వు దిగులుపడకు.

కౌసల్యమ్మగారు పెద్ద అంబర్‌పేట్‌లో ఎవరో పొడి ఇస్తున్నారని చెబుతోంది. నేను వినిపించుకోలేదు.

నీ
దుర్గ

* * *

ఉట్నూరు,
జులై 9

దుర్గా,

నీ ‘ధ’ని చాలాసేపు చూశాను. నవ్వు రాలేదు.

ఇక్కడ వాన. క్వార్టర్లో సిగ్నల్ ఉండదు, డాబా ఎక్కితే ఉంటుంది, డాబా నిండా పాకుడు. అందుకని ఎక్కడం మానేశాను. గురుకులం పిల్లలు మంచివాళ్ళు. మొక్కల పేర్లు నాకంటే వాళ్ళకే ఎక్కువ తెలుసు, నేను లాటిన్ పేర్లు చెప్పి పరువు కాపాడుకుంటున్నాను.

నీ దినచర్య చదివి పరేషాన్ అయ్యాను. తిప్పతీగ చెడ్డ మొక్క అని నేను అనను. వావిలాకు కాపడంతో కూడా నాకు గొడవ లేదు, పైపైన పెట్టేదే కదా, చర్మం కాలకుండా చూసుకో. కానీ తిప్పతీగ, అశ్వగంధ ఎందుకు తాగుతారు? రోగనిరోధక శక్తి పెరుగుతుందని. నీ జబ్బేంది? ఆ శక్తే దారి తప్పి నీ కీళ్ళనే పగవాళ్ళనుకుని కొట్టడం. ఆ కొట్టేదాన్ని శాంతపరచడానికి డాక్టరు మాత్ర ఇస్తుంటే, నువ్వు వెనక నుంచి దానికి పాలు పోసి పెంచుతున్నావు. పైగా నువ్వు వేసుకునే మాత్ర లివర్ మీద భారం. తిప్పతీగతో లివర్ దెబ్బతిన్నవాళ్ళున్నారని నేను చదివాను. అందరికీ అట్లా అవుతుందని కాదు. నీకు కాదని ఎవరు చెప్పాలి? నీ రక్తపరీక్ష చూసే డాక్టరు చెప్పాలి. ఆయనకేమో నువ్వు పేపర్‌వెయిట్ చూపిస్తున్నావు.

నువ్వు తాగేవన్నీ ఒక సంచీలో వేసుకుని ఆయన టేబుల్ మీద పెట్టు. తిడతాడు. తిట్టించుకో.

అమ్మ విషయంలో నీకు రుణపడి ఉన్నా అని రాస్తే కోప్పడతావు, రాయను. మా తమ్ముడు మోహన్, జ్యోతి ఇద్దరూ డ్యూటీలకు పోతారు. ఆదివారం నువ్వు పోతే తప్ప అమ్మకు కూర్చుని మాట్లాడే మనిషి లేదు.

సాధన

* * *

దిల్‌సుఖ్‌నగర్,
సెప్టెంబరు 14

నా ప్రియమైన సాధనా,

చూశావా అక్షరాలు! ముత్యాలు! ఇది నేనే రాస్తున్నాను, పక్కన ఎవరూ లేరు. ‘ధ’ చూడు, ‘క్ష’ చూడు, ‘జ్ఞ’ కూడా రాస్తాను చూడు: జ్ఞానం, విజ్ఞానం, అజ్ఞానం. మూడోది నా గురించి.

నీ మాట విన్నాను. తిప్పతీగ మానేశాను, అశ్వగంధ మానేశాను. మాత్రల సంగతి అడగకు, అన్నీ సవ్యంగా ఉన్నాయి. వానలు తగ్గాయి కదా, నొప్పులు వాటంతటవే తగ్గాయేమో. పొద్దున్న లేవగానే పిడికిలి బిగుస్తోంది! మొన్న జాడీ మూత నేనే తీశాను. తీసి మళ్ళీ బిగించి మళ్ళీ తీశాను. మా ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి "ఆవకాయ కావాలా, మూత కావాలా?" అన్నారు.

ఆకలి కూడా విపరీతంగా వేస్తోంది. క్లాసుకీ క్లాసుకీ మధ్య రెండు సమోసాలు. ముఖం నిండుగా అయింది. స్టాఫ్‌రూమ్‌లో అందరూ కళ వచ్చిందంటున్నారు. జాకెట్లు మాత్రం ఆ కళని ఒప్పుకోవట్లేదు, అన్నీ కుట్లు విప్పించాలి. నిద్ర సరిగ్గా పట్టదు గానీ, హుషారు ఎక్కువై పట్టట్లేదనుకుంటా. ఏభైకి దగ్గరపడి ఇంత హుషారేమిటో!

మీ అమ్మగారు కూడా బ్రహ్మాండంగా ఉన్నారు. పోయిన ఆదివారం చర్చి మెట్లు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కారు. "నేను పిల్లనైన బిడ్డా" అన్నారు. కాలి చిటికెన వేలికి చెప్పు ఒరుసుకుని చిన్న పుండు పడింది, అదే మానుతుంది. ఇంకేం విశేషాలు లేవు.

నీ
విజయదుర్గ (చేవ్రాలు గమనించు, కింద గీత కూడా గీశాను!)

* * *

ఉట్నూరు,
అక్టోబరు 5

దుర్గా,

నీ ఉత్తరం చూసి నాకు భయమైంది. నీ వంకర ‘ధ’కు కూడా నేనింత భయపడలేదు.

డాబా ఎక్కి మూడుసార్లు ఫోన్ చేశాను. రెండుసార్లు నువ్వు తీయలేదు. మూడోసారి "క్లాసులో ఉన్నా" అన్నావు. వెనక కుక్కర్ కూత వినబడింది. అందుకే రాస్తున్నా.

రెండేళ్ళుగా మాత్రలతో మెల్లగా కూడా తగ్గని నొప్పి, రెండు నెలల్లో జాడీ మూతలు తీసేంత తగ్గింది. ముఖం ఉబ్బింది. ఆకలి, హుషారు, నిద్రలేమి. నీ ఉత్తరం పట్టుకుని ఇక్కడి దవాఖానలో డాక్టరమ్మను అడిగాను. ఆమె చదివి ఒక్క మాటే అడిగింది: "ఈ మేడమ్ ఏదన్నా పేరులేని పొడి తింటున్నదా?" ఇటువంటి పొడుల్లో కొందరు స్టెరాయిడ్ మాత్రలు నూరి కలుపుతారట. తినగానే నొప్పి పోతుంది, అందరూ ఆకు మహిమ అనుకుంటారు. లోపల షుగరు పెరుగుతుంది, పుండ్లు మానవు, ఎముకలు గుల్లబారతాయి.

దుర్గా, నువ్వు పెద్ద అంబర్‌పేట్ పోయినవ్ కదా? నాకు అబద్ధం రాసినవ్ కదా? నీ మాత్రలు కూడా మానేసినవ్, అందుకే "అడగకు" అని రాసినవ్. మన పిల్లలకు నువ్వు చెప్పే పాఠమేంది, నువ్వు చేసే పనేంది?

మిగతాది రెండో కాగితం మీద రాస్తున్నా, తప్పక చదువు.

నిన్ను తిట్టడం అయిపోయింది. ఇది ముఖ్యం. ఆ పొడి నీ అంతట నువ్వు ఆపకు. డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. నెలల తరబడి బయట నుంచి స్టెరాయిడ్ వస్తుంటే, ఒళ్ళు తన సొంతది తయారుచేసుకోవడం మానేస్తుందట. ఒక్కసారి ఆపితే బీపీ పడిపోతుంది, ప్రాణం మీదికి వస్తుంది. పొట్లం తీసుకుని ఈ రోజే ప్రసన్నకుమార్ గారి దగ్గరికి పో. ఎట్లా తగ్గించాలో ఆయనే చెప్పాలి.

అమ్మ బాగుందన్నావు, అది ఒక్కటి చదివి మనసు నిమ్మళమైంది.

సాధన

* * *

దిల్‌సుఖ్‌నగర్,
నవంబరు 20

సాధనా,

నువ్వు హైదరాబాద్ వచ్చి వెళ్ళావు. నా వార్డు గుమ్మం దగ్గర నిలబడ్డావు. డాక్టరుగారితో మాట్లాడావు, మా ఆయనతో మాట్లాడావు, నాతో మాట్లాడలేదు. నేను నిద్రపోతున్నట్టు కళ్ళు మూసుకున్నాను. ఇద్దరం బాగానే నటించాం.

నోటితో చెప్పలేనిది రాస్తాను.

నీ ఉత్తరం మొదటి కాగితం చదివాను. నిలువునా దొరికిపోయాను. సిగ్గుతో ఒళ్ళంతా మండింది. రెండో కాగితం ముట్టుకోలేదు, అందులో ఇంకా తిట్లుంటాయనుకున్నాను. సరాసరి వంటింట్లోకి వెళ్ళి, పొట్లాలన్నీ విప్పి, సింకులో పోసి కుళాయి తిప్పాను. చాలా గొప్ప పని చేసినట్టు చేతులు కూడా కడుక్కున్నాను. కెమిస్ట్రీ లెక్చరర్నే, ఒక్క చిటికెడు పరీక్షకని దాచాలనైనా తట్టలేదు.

నాలుగు రోజులు కీళ్ళు విరిగినట్టు నొప్పి. ఇది శిక్షలే, భరించాలి అనుకున్నాను. తర్వాత వాంతులు. అప్పటికీ సెలవు పెట్టలేదు. సెకండ్ ఇయర్ క్లాసులో సమతాస్థితి పాఠం చెబుతున్నాను. "బయటి నుంచి ఒత్తిడి మారితే వ్యవస్థ తనను తాను సర్దుకుంటుంది" అన్నాను. నా వ్యవస్థ సర్దుకోలేదు. బోర్డు వంగినట్టయింది. లేచేసరికి ఆసుపత్రి. ముఖం మీద సుద్దముక్క పొడి, చేతికి సెలైను. పిల్లలు పాఠంలో భాగమేమో అనుకుని కాసేపు చూశారట.

కళ్ళు తెరిచాక ప్రసన్నకుమార్ గారు అడిగారు, ఎప్పుడూ అడిగే ప్రశ్నే. "ఇంకేమైనా వాడుతున్నారా?" అక్కడ పేపర్‌వెయిట్ లేదు. మొత్తం చెప్పాను. కౌసల్యమ్మగారు జులైలో తీసుకెళ్ళారు. విజయవాడ రోడ్డు పక్కన రేకుల షెడ్డు, తెల్లబట్టల మనిషి, పేపరు పొట్లాలు. "ఇంగ్లీషు మందుతో కలిస్తే మా చూర్ణం పనిచెయ్యదు" అన్నాడు. మాత్రలు మానేశాను.

అంతా అయ్యాక ఒకటి మిగిలింది. "డాక్టరుగారూ, ఆ పొడి ఇంకొకావిడ కూడా తింటోంది. నేనే తెచ్చిచ్చాను. ఆవిడకి షుగరుంది" అన్నాను.

ఆగస్టులో నా పిడికిలి చూసి మీ అమ్మగారు ముచ్చటపడ్డారు. "నాక్కూడ తెచ్చిపెట్టు బిడ్డా. సాధనకు చెప్పకు, అది పుస్తకాలు తీస్తది" అన్నారు. నాకది గర్వంగా అనిపించింది, నిజం చెబుతున్నాను. ఇన్నాళ్ళు ఆవిడ నాకు గేటు తీసింది, ఇప్పుడు నేను ఆవిడ మోకాళ్ళు బాగుచేస్తున్నాననుకున్నాను. చెప్పు ఒరుసుకున్న పుండు అని నీకు రాశానే, అది మానట్లేదని నాకు తెలుసు. పోయిన ప్రతి ఆదివారం చూశాను. పసుపు అద్దాను.

మా ఆయన వెంటనే ఎల్బీ నగర్ పరిగెత్తి ఆవిడని తీసుకొచ్చారు. తర్వాత సంగతులు నీకే ఎక్కువ తెలుసు. నాకు ఎవరూ చెప్పట్లేదు. పుండు ఎలా ఉంది?

నువ్వు రాయకపోయినా నాకు అర్థమవుతుంది.

దుర్గ

* * *

ఉట్నూరు,
డిసెంబరు 8

విజయదుర్గ గారికి,

నమస్కారం. మీరు అడిగారు కాబట్టి రాస్తున్నాను.

అమ్మ కుడికాలు చిటికెన వేలు తీసేశారు. ఇన్ఫెక్షను పైకి పాకకుండా ఆగింది. షుగరు అదుపులోకి వస్తోంది. పొడి వల్ల ఆమెకు కూడా మీలాగే లోపల దెబ్బతింది కాబట్టి, డాక్టర్లు స్టెరాయిడ్ మాత్రలు ఇస్తూ కొద్దికొద్దిగా తగ్గిస్తున్నారు. ఇంటికి వచ్చింది.

మీరు ఆ రోజు డాక్టరుకు చెప్పకపోతే పాదం పోయేదని సర్జన్ అన్నాడు. ఈ సంగతి మీకు తెలియాలి కాబట్టి రాస్తున్నా. అట్లా అని నాకు కోపం తగ్గలేదు. మీ ఒంటి మీద మీరు ఏం చేసుకున్నా అది మీ ఇష్టం. మా అమ్మను మీ చేతుల్లో పెట్టి పోయాను నేను. పుండు చూస్తూ, నాకు "అదే మానుతుంది" అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశారు.

ఇకమీద ఆదివారాలు మీరు రావలసిన పని లేదు. జ్యోతి సెలవు మార్చుకుంది.

మీ ఆరోగ్యం జాగ్రత్త.

సాధన

* * *

దిల్‌సుఖ్‌నగర్,
జనవరి 19

సాధనా,

‘మీరు’ అన్నావు. ఇన్నేళ్ళలో నువ్వు నన్ను చాలా తిట్టావు గానీ, ఇంత పెద్ద తిట్టు ఎప్పుడూ తిట్టలేదు. అది నాకు తగినదే. నేను మాత్రం ‘నువ్వు’ అనే రాస్తాను, మర్యాద నేర్చుకోవడానికి ఈ వయసులో వీలుపడదు.

క్షమించమని అడగడానికి కాదు ఈ ఉత్తరం. నీకు తెలియకుండా మళ్ళీ ఒక పని చేశాను. ఈసారి ఇంకెవరైనా చెప్పేలోపే నేనే చెప్పాలని.

ముందు నా సంగతి. వారం మాత్ర మళ్ళీ మొదలైంది. స్టెరాయిడ్ సన్నసన్నగా తగ్గిస్తున్నారు. నొప్పులన్నీ తిరిగి ఇంటికొచ్చేశాయి, చుట్టాల్లా. అక్షరాలు చూస్తున్నావుగా. నువ్వు చెప్పిన సంచీ తీసుకెళ్ళాను. వంటింట్లో వెతికితే మందులు నా లెక్కకంటే ఎక్కువే దొరికాయి, కొన్ని నేను ఎందుకు కొన్నానో నాకే తెలీదు. డాక్టరుగారు తిట్టలేదు. అదే కష్టమైంది. ఒక్కొక్కటీ తీసి చూశారు. "కూరలో పసుపు, టీలో అల్లం, మెంతికూర, ఇవి తిండి. హాయిగా తినండి. ఇదే పసుపు క్యాప్స్యూల్‌గా తింటే అది మందు, నన్నడగాలి. రోగనిరోధక శక్తి పెంచుతామని రాసినవి మీకు వద్దు. పదార్థాల పేర్లు లేని పొట్లం ఎవరికీ వద్దు" అన్నారు. ఆయుర్వేదం వైపే వెళ్ళకూడదా అని అడిగాను. "చదువుకున్న వైద్యుడి దగ్గరికి వెళ్ళండి. నేను రాసిన మందులు ఆయనకి చూపించండి, ఆయన రాసినవి నాకు చూపించండి. మీరు మా ఇద్దరి మధ్యా దాగుడుమూతలు ఆడకపోతే చాలు" అన్నారు.

మీ ఇంట్లో మిగిలిన పొట్లాలు మోహన్ నాకిచ్చాడు. వాటిని తీసుకెళ్ళి మందుల నియంత్రణ కార్యాలయంలో ఫిర్యాదు పెట్టాను. పరీక్షకి పంపామన్నారు, రిపోర్టు ఇంకా రాలేదు. ఈలోగా ఊరికే కూర్చోలేక, ఎల్బీ నగర్ చౌరస్తాలో బస్సెక్కి పెద్ద అంబర్‌పేట్ వెళ్ళాను. షెడ్డు ముందు వరసగా జనం. నేను ఎదురుగా నిలబడి మొదలుపెట్టాను. స్టెరాయిడ్ అంటే ఏమిటి, అడ్రినల్ గ్రంథి అంటే ఏమిటి, కార్టిసాల్ అంటే ఏమిటి. చేతిలో సుద్దముక్క లేదన్న మాటే గానీ పూర్తి క్లాసు. వరసలోంచి ఒకాయన ఓపిగ్గా విని చెయ్యెత్తాడు, నిజంగా చెయ్యెత్తాడు.

"మేడమ్, జర ఒక్కటి చెప్పుండ్రి. మీకు తగ్గిందా, తగ్గలే?"

"తగ్గింది, కానీ..."

"గదే కావాలె మాకు" అని లోపలికి వెళ్ళిపోయాడు. ఆయన వెనకే మిగతా వరస కూడా జరిగింది. నా మాటతో కొందరికి నమ్మకం కుదిరినట్టుంది, షెడ్డు మీద. ఒకావిడ నన్ను "ఎన్ని పొట్లాలకు గుణం కనబడ్డదమ్మా?" అనడిగింది. ఇంటికొచ్చి మా ఆయనకి చెబితే, "వాడి దగ్గర ప్రచారానికి జీతం అడగాల్సింది" అన్నారు.

ఆ సాయంత్రమే మీ అమ్మగారు ఫోన్ చేశారు.

"ఆదివారం ఎందుకొస్తలేవు?"

"సాధన వద్దందమ్మా."

"వేలు నాదా, దానిదా?"

ఆవిడే అడిగి అడిగి నా పెద్ద అంబర్‌పేట్ క్లాసు గురించి రాబట్టారు. చాలాసేపు నవ్వారు. తర్వాత "నన్ను గాడికి తోల్కపో" అన్నారు. కాలికి మంచిది కాదన్నాను. గాయం మానిందని, నడవొచ్చని డాక్టరు చెప్పాడన్నారు. సాధనని అడగాలన్నాను. "దాన్ని అడిగితే వద్దంటది. అందుకే నిన్ను అడుగుతున్న" అన్నారు. నేను జ్యోతిని అడిగాను. డాక్టరుగారిని కూడా అడిగాను. అడగడం అలవాటు చేసుకుంటున్నాను చూడు. నిన్ను మాత్రం అడగలేదు.

ఆటో మాట్లాడుకుని వెళ్ళాం. షెడ్డుకి ఎదురుగా టీకొట్టు. ఆవిడ కుర్చీ వేయించుకుని రోడ్డువైపు తిరిగి కూర్చుంది. ఉపన్యాసం ఏమీ లేదు. మేజోడు తీసి, కాలు ఎత్తి ఇంకో కుర్చీ మీద పెట్టుకుంది. వచ్చేవాళ్ళు ఆగి చూశారు.

"ఏమైందవ్వా?"

"గాడ పొడి తిన్న. మోకాళ్ళు మంచిగైనయ్. అబద్ధం చెప్ప, ఉరికిన. షుగరు పెరిగి పుండు మానలే. వేలు పోయింది."

"అందరికట్ల గాదు గదా అవ్వా?"

"గాదు. నీకు ఐతదో గాదో నాకేం తెలుసు? మీ డాక్టరుకు చూపిచ్చి తినుండ్రి. చూపియ్యనీకి భయమైతుందా, ఎందుకు భయమైతుందో సోంచాయించుండ్రి."

సాధనా, నేను ఆవిడ పక్కనే నిలబడి ఉన్నాను. ఆ చివరి మాట రోడ్డు మీది జనానికి చెప్పింది గానీ, నాకు తగిలింది.

కాసేపటికి తెల్లబట్టల మనిషి బయటికొచ్చాడు. "అమ్మా, నా పొట్ట ఎందుకు కొడుతున్నవ్?" అన్నాడు.

"నీ పొట్ట మీద నాకేం పగ లేదు బిడ్డా. పొట్లం మీద పేరు రాయి. అండ్ల ఏమేసినవో రాయి. రాసినవంటే గిప్పుడే లేచి పోత."

అతను లోపలికెళ్ళి షట్టరు సగానికి దించాడు. వరసలో చాలామంది అక్కడే నిలబడ్డారు, అది కూడా రాయాలి. కొందరు వెనక్కి తిరిగారు. ఒక తల్లి, కూతురు మా దగ్గరికొచ్చారు. ఆ అమ్మాయికి లూపస్ అట, నా జబ్బుకి చుట్టమే, ఇరవై కూడా లేవు. ముఖం నిండుగా ఉంది. నాకు వచ్చిన కళే. పొడి ఆపేస్తామన్నారు. "అమ్మా, ఆపకండి! మీ అంతట మీరు ఆపకండి!" అని అరిచినంత పని చేశాను. నేను చదవని రెండో కాగితం మొత్తం వాళ్ళకి నోటితో చెప్పాను. ఆ ఆటోలోనే నలుగురం కొత్తపేటలో ప్రసన్నకుమార్ గారి దగ్గరికి వెళ్ళాం. పొట్లం టేబుల్ మీద పెట్టించాను. అమ్మాయి ఆసుపత్రిలో చేరింది, బాగానే ఉంది.

మీ అమ్మగారిని ఎండలో కూర్చోబెట్టాను. అది నా తప్పే. ఏమనాలనిపిస్తే అది అను, ‘మీరు’ అని మాత్రం అనకు.

దుర్గ

* * *

ఉట్నూరు,
ఫిబ్రవరి 2

దుర్గా,

నీ ఉత్తరం వచ్చేలోపే అమ్మ ఫోన్‌లో అంతా చెప్పింది. టీ బాగాలేదని కూడా చెప్పింది. మొదట నీ మీద అరవాలని డాబా ఎక్కాను. సిగ్నల్ దొరికింది, నీ నంబరు నొక్కాను, కట్ చేశాను. మళ్ళీ నొక్కాను, కట్ చేశాను. కింద పిల్లలు చూస్తున్నారు. మేడమ్‌కి ఏమో అయింది అనుకుని ఉంటారు.

నా కోపం పోయిందని రాస్తే అది అబద్ధం. నీకు ఇకమీద అబద్ధాలు రాయొద్దని అనుకుంటున్నాను, నువ్వు కూడా రాయకు. ఆసుపత్రిలో అమ్మ కాలి కట్టు విప్పినప్పుడు నేను చూసింది నా కళ్ళ ముందు నుంచి పోదు. కానీ నీతో మాట్లాడకుండా ఉన్న ఈ రెండు నెలలు, క్లాసులో ఏదన్నా నవ్వొచ్చే సంగతి జరిగితే ముందు నీకే రాయాలనిపించింది, రాయలేక దాన్ని మింగేశాను. అట్లా మింగినవి చాలా ఉన్నాయి. మెల్లగా రాస్తాను.

ఆ అమ్మాయి పేరేంది? ఇంటర్ చదువుతున్నదా? చదువు ఆగకుండా చూడు.

కౌసల్యమ్మ గారితో మాట్లాడటం మానేశావని మీ ఆయన చెప్పాడు. మానకు. ఆమె కూడా అదే పొడి తింటుండాలె కదా, ఆమెను ఎవరు తీసుకుపోతారు డాక్టరు దగ్గరికి? సిగ్గు పక్కన పెట్టి కింది ఫ్లాటు తలుపు కొట్టు.

నీ అక్షరాలు చూశాను. ‘క్ష’ అసలు ‘క్ష’ లాగానే లేదు. పొద్దున్న రాసినవా, సాయంత్రం రాసినవా? ఇకమీద తేదీ పక్కన వేళ కూడా వేయి. నొప్పి ఎప్పుడు ఎక్కువుంటదో డాక్టరుకు చెప్పడానికి పనికొస్తుంది.

అమ్మకు వేలు లేని పాదానికి సరిపోయే చెప్పులు చేయించాలి. కొలతలు ఇవ్వడానికి గురువారం పోవాలట, జ్యోతికి ఆ రోజు సెలవు దొరకదు. నువ్వు తీసుకుపో. ఆటో దిగేటప్పుడు కుడివైపు నిలబడు, ఆమె అటే ఒరుగుతుంది. నీ చేత్తో పట్టుకోకు, నీ పట్టు నిలవదు. ఆమె చేతిని నీ మోచేతికి వేసుకో. ఇద్దరూ నెమ్మదిగా నడవండి.

సాధన